ఇంటి వైఫైని కొలిచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: మూడేళ్లు వాడాక

"గీతలన్నీ నిండుగానే ఉన్నాయి కదరా, మరి మాటెందుకు తెగిపోతోంది?" అని మా నాన్న అడిగారు. ఇదంతా ఆ ప్రశ్నతోనే మొదలైంది. మేడ మీద మూల గది ఆయనది. ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది. వీడియో కాల్ కలిపిన రెండు నిమిషాలు బాగానే ఉంటుంది, తర్వాత అవతలివాళ్ల ముఖం బొమ్మలా ఆగిపోతుంది. రౌటర్ ఆపి మళ్లీ వేస్తే కాసేపు సర్దుకుంటుంది. కొత్త రౌటర్ కొనేయమని చాలామంది సలహా ఇచ్చారు. రోగం ఏమిటో తెలియకుండా మందు కొనడం నాకు నచ్చలేదు. ముందు కొలుద్దాం, ఆ తర్వాతే ఏదైనా మారుద్దాం అనుకున్నాను.

కొలవడానికి సాఫ్ట్‌వేర్ వెతికితే మొదట కనిపించేవన్నీ డబ్బు కట్టాల్సినవే. వాటిలో ఒకదాని ట్రయల్ వేసుకుని, ఒక సెలవు రోజంతా గది గదికీ తిరిగి కొలిచాను. గడువు అయ్యాక ఆ ఫైల్ మళ్లీ తెరుచుకోలేదు. నా ఇంట్లో నేను తిరిగి సేకరించిన లెక్కలు నాకే కనబడకుండా పోయాయి. నిజంగా బాధేసింది. ఈ పనికి ఓపెన్ సోర్స్‌వే, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచినవే, వాడాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి ప్రోగ్రాం మన చుట్టూ ఉన్న రౌటర్లన్నిటి హార్డ్‌వేర్ అడ్రస్‌లు చదువుతుంది. ఆ జాబితా ఒక్కటి చేతికి వస్తే మనం ఎక్కడున్నామో చాలా దగ్గరగా చెప్పేయవచ్చు. ఫోన్లు లొకేషన్ పట్టుకునే పద్ధతుల్లో అదీ ఒకటి. అంత సమాచారం చదివే ప్రోగ్రాం లోపల ఏముందో ఎవరైనా చూడగలిగేలా ఉండటం నాకు ముఖ్యం.

మొదట ఫోన్‌తో మొదలుపెట్టాను. ఆండ్రాయిడ్‌లో వీఆర్‌ఈఎం వాళ్ల వైఫై అనలైజర్ ఉంది. దాదాపు ఇదే పేరుతో ప్రకటనలు నిండిన యాప్‌లు బోలెడు ఉన్నాయి కాబట్టి వేసుకునేటప్పుడు తయారుచేసినవాళ్ల పేరు చూసుకోవాలి. ఓపెన్ సోర్స్ యాప్‌లు మాత్రమే ఉండే ఎఫ్‌డ్రాయిడ్ స్టోర్ నుంచి వేసుకుంటే ఆ గందరగోళం ఉండదు. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్, ప్రకటనలు లేవు. ఇంటర్నెట్ అనుమతి కూడా అడగదు. చుట్టూ ఏయే రౌటర్లు ఏ ఛానెల్‌లో (బ్యాండ్‌ను పంచిన చిన్న భాగాల్లో ఒకటి), ఎంత బలంతో వినిపిస్తున్నాయో గోపురాల్లాంటి గీతలుగా చూపిస్తుంది. ఒక్కొక్క గోపురం వెడల్పు ఆ రౌటర్ ఎంత బ్యాండ్ ఆక్రమించిందో చెబుతుంది. అది చూశాకే మా రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (వైఫై వాడే ముఖ్యమైన రెండు బ్యాండ్లలో ఇదొకటి, రెండోది 5) 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టుకుని కూర్చుందని తెలిసింది. ఆ బ్యాండ్‌లో అంత వెడల్పు అంటే దాదాపు సగం ఆక్రమించినట్టే. ఎక్కువ వెడల్పు, ఎక్కువ స్పీడ్ అని ఎవరో పెట్టి వదిలేసిన సెట్టింగ్ అది.

కొత్తగా వాడేవాళ్లకు రెండు విషయాలు తెలిసి ఉండాలి. ఒకటి, యాప్ లొకేషన్ అనుమతి అడుగుతుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి వైఫై స్కాన్ ఫలితాలు చూడాలంటే ఆ అనుమతి తప్పనిసరి, కారణం పైన చెప్పిందే. లొకేషన్ ఆఫ్‌లో ఉంటే జాబితా ఖాళీగా కనిపిస్తుంది, యాప్ పాడైందనుకుంటాం. రెండోది ఇంకా ముఖ్యం. ఆండ్రాయిడ్ 9 నుంచి ఎదురుగా తెరిచి ఉన్న యాప్‌కు కూడా రెండు నిమిషాల్లో నాలుగు స్కాన్‌లకే అనుమతి. అంటే మీరు హాలు నుంచి వంటగదికి నడిచి వెళ్లినా తెరమీది అంకె హాల్లోదే కావచ్చు. మొదటి వారం నేను రాసుకున్న లెక్కలన్నీ ఇలాగే తప్పాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి డెవలపర్ ఆప్షన్లలో వైఫై స్కాన్ థ్రాట్లింగ్ అనే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపేస్తే అంకెలు నడకతో పాటు మారతాయి. పని అయ్యాక మళ్లీ వేసేయడం మంచిది, బ్యాటరీ నిలుస్తుంది.

ఐఫోన్‌లో ఇలాంటి యాప్ కోసం వెతకడం దండగ. చుట్టుపక్కల నెట్‌వర్క్‌లను స్కాన్ చేసే వీలు ఆపిల్ మామూలు యాప్‌లకు ఇవ్వదు. ఆపిల్ సొంత ఎయిర్‌పోర్ట్ యుటిలిటీలో వైఫై స్కానర్ ఉంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోవాలి. ఓపెన్ సోర్స్ కాదు గానీ అవసరానికి అదే దిక్కు.

వైఫై అనలైజర్‌లో ఛానెల్ రేటింగ్ అనే పేజీ ఉంది. ఏ ఛానెల్ మంచిదో నక్షత్రాలతో చెబుతుంది. దాన్ని మొదట్లో పూర్తిగా నమ్మాను, ఇప్పుడు సూచనగా మాత్రమే చూస్తాను. అది లెక్కపెట్టేది రౌటర్లనూ వాటి బలాన్నీ. ఏ రౌటర్ ఎంత పనిచేస్తోందో దానికి తెలిసే దారి లేదు. ఒక ఛానెల్‌లో ఆరు రౌటర్లు ఉండి, ఆ ఇళ్లలో అందరూ పడుకుని ఉండవచ్చు. ఇంకో ఛానెల్‌లో ఒకే రౌటర్ ఉండి పొద్దస్తమానం సినిమాలు లాగుతూ ఉండవచ్చు. నక్షత్రాలు రెండో ఛానెల్‌కే ఎక్కువ వస్తాయి.

ఛానెల్ విషయంలో నేను చేసిన ఒక పెద్ద తప్పు ఇక్కడే చెబుతాను, ఇది చాలామంది చేసేదే. గ్రాఫ్‌లో 1 మీదా 6 మీదా గోపురాలు గుంపుగా ఉన్నాయి, మధ్యలో 3 ఖాళీగా కనిపించింది. రౌటర్‌ను 3కి మార్చాను. మరుసటి రోజు ఇంకా అధ్వాన్నం అయింది. 2.4లో ఛానెల్‌కూ ఛానెల్‌కూ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, సిగ్నల్ వెడల్పేమో 20. అంటే 3లో కూర్చుంటే 1 వాళ్లతోనూ 6 వాళ్లతోనూ గొడవే. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని, ఆగి, వంతులవారీగా మాట్లాడుకుంటాయి. పక్క ఛానెల్ నుంచి సగం సగం వచ్చే సిగ్నల్ అర్థం కాని గోలగా మిగిలిపోతుంది. ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11, ఆ మూడే. ఆ మూడింట్లో తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

ఇక లాప్‌టాప్. నాది లినక్స్. మీరూ లినక్స్ వాడుతుంటే వేవ్‌మాన్ ఒక్కటి వేసుకున్నా సగం పని అయిపోతుంది. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం, దాదాపు అన్ని డిస్ట్రోల (లినక్స్ రకాల) ప్యాకేజీల్లోనూ ఉంటుంది. తెరిస్తే సిగ్నల్ డీబీఎంలో (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ), లింక్ క్వాలిటీ, ఏ రౌటర్‌కు ఏ ఫ్రీక్వెన్సీలో కలిసి ఉన్నామో అన్నీ ఒకే తెర మీద. ఎఫ్2 నొక్కితే సిగ్నల్ గ్రాఫ్ కదులుతూ వస్తుంది, ఎఫ్3 నొక్కితే చుట్టుపక్కల స్కాన్. స్కాన్‌కు రూట్ (అడ్మిన్) అనుమతి కావాలి.

ఆ గ్రాఫ్ తెరిచి పెట్టుకుని లాప్‌టాప్ చేతుల మీద మోసుకుంటూ ఒకరోజు ఇల్లంతా నెమ్మదిగా నడిచాను. హాల్లో మైనస్ 41. మెట్ల మొదట్లో మైనస్ 48. మెట్ల మలుపు తిరగ్గానే ఒక్కసారిగా మైనస్ 57కి పడింది, అక్కడ స్లాబ్ అడ్డం వస్తుంది. పై గది గుమ్మంలో మైనస్ 58. అక్కడే నిలబడి ఊరికే వెనక్కి తిరిగాను, లాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య నా ఒళ్లు అడ్డం వచ్చింది, మైనస్ 64. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. 3 డీబీ తగ్గితే శక్తి సగం అవుతుంది, 6 తగ్గితే పావు. నేను తిరిగి నిలబడినంత మాత్రాన ముప్పావు వంతు సిగ్నల్ పోయింది. అప్పటినుంచి ఎక్కడ కొలిచినా నాలుగు దిక్కులకూ తిరిగి సగటు రాసుకుంటున్నాను. ఒకసారి చూసిన అంకెను ఆ గది అంకె అనుకోవడం మానేశాను.

పరికరం మారినా అంకె మారుతుంది. అదే గుమ్మంలో నా ఫోన్ మైనస్ 66 చూపించింది, లాప్‌టాప్ 58 చూపించిన చోటే. ఒకదాని యాంటెన్నా వేరు, ఇంకొకదాని లెక్కకట్టే తీరు వేరు. ఏది నిజం అని కొట్టుకోవాల్సిన పని లేదు. మొదటినుంచి చివరిదాకా ఒకే పరికరంతో కొలిస్తే చాలు.

బొమ్మలతో చూడాలనుకునేవాళ్లకు లినక్స్‌లో లిన్‌ఎస్‌ఎస్‌ఐడీ, స్పారో వైఫై ఉన్నాయి. రెండూ ఫోన్ యాప్ చేసే పనినే పెద్ద తెర మీద చేస్తాయి. స్పారో వైఫైకి జీపీఎస్ కూడా తగిలించవచ్చు, ఇంటి లోపల దానితో ఉపయోగం లేదు. నేను రెండూ వాడి పక్కన పెట్టేశాను. బాగా లేక కాదు, ఫోన్ చూపించనిది అవి కొత్తగా ఏమీ చూపించలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, హీట్‌మ్యాప్. ఇంటి ప్లాన్ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో వచ్చే ఆ బొమ్మ కోసమే అందరూ వెతుకుతారు, నేనూ అందుకే వెతికాను. మూడేళ్లుగా నేను వాడుతున్నది పైథాన్ వైఫై సర్వే హీట్‌మ్యాప్. పేరు పొడుగు గానీ పని సూటిగా ఉంటుంది. దీనికి ఇంటి ప్లాన్ బొమ్మ ఇవ్వాలి. మీరు ఎక్కడ నిలబడ్డారో ప్లాన్ మీద అక్కడ క్లిక్ చేయాలి. అప్పుడది సిగ్నల్ చదవడంతో ఆగదు. నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 అనే ప్రోగ్రాంతో ఆ చోటు నుంచి నిజంగా డేటా పంపుతుంది, తెప్పించుకుంటుంది, వీడియో కాల్స్ ఎక్కువగా వాడే యూడీపీ పద్ధతిలోనూ పరీక్షిస్తుంది. అన్నిటినీ జేసన్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెడుతుంది. తర్వాత ఇంకో ఆదేశం ఇస్తే సిగ్నల్‌కు ఒక బొమ్మ, డౌన్‌లోడ్‌కు ఒకటి, అప్‌లోడ్‌కు ఒకటి, జిట్టర్‌కు (డేటా వచ్చే వేళల్లోని ఒడుదొడుకులకు) ఒకటి, ఇలా వరసగా బొమ్మలు వస్తాయి.

వేసుకోవడం మాత్రం సులువు కాదు. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో నేరుగా వేస్తే, తెర మీది విండోలు గీసే డబ్ల్యూఎక్స్‌పైథాన్ అనే లైబ్రరీ మొత్తం కంపైల్ అవడం మొదలవుతుంది, పాత లాప్‌టాప్ అయితే గంట దాటుతుంది, చివర్లో ఏదో లైబ్రరీ లేదని ఆగిపోతుంది కూడా. డబ్ల్యూఎక్స్‌పైథాన్‌ను డిస్ట్రో ప్యాకేజీ నుంచి వేసుకుని, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌కు సిస్టమ్ ప్యాకేజీలు కనిపించేలా పెట్టుకుంటే పది నిమిషాల పని. కమాండ్ లైన్ అలవాటు లేనివాళ్లకు దీన్ని నేను సిఫార్సు చేయను, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ప్లాన్ బొమ్మ కోసం టేపు పట్టి గదులన్నీ కొలిచి స్వీట్ హోమ్ 3డీలో గీశాను, అదీ ఓపెన్ సోర్సే. అంత శ్రద్ధ అవసరం లేదు. కాగితం మీద చేత్తో గీసి ఫోటో తీసినా చాలు, గదుల నిష్పత్తి సరిగ్గా ఉంటే సరిపోతుంది. రెండు అంతస్తులుంటే రెండు బొమ్మలు, రెండు వేర్వేరు సర్వేలు.

ఐపెర్ఫ్3 సర్వర్, అంటే పరీక్షలో రెండో కొసన ఉండే కంప్యూటర్, ఎక్కడ పెడతారన్నది చాలా ముఖ్యం. ఒక పాత కంప్యూటర్‌ను రౌటర్‌కు కేబుల్‌తో కలిపి దానిమీద సర్వర్ నడపండి. అదీ వైఫై మీదే ఉంటే ప్రతి ప్యాకెట్ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, మీకొచ్చే అంకె సగానికి సగం తగ్గిపోతుంది. బయట ఇంటర్నెట్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి చూస్తే మీరు కొలిచేది కనెక్షన్‌ను, వైఫైని కాదు. ఈ తేడా పట్టించుకోక కనెక్షన్ ప్లాన్ పెంచుకుని, అయినా బాగుపడక బాధపడినవాళ్లు నాకు తెలుసు.

మేడ మీద మొదటి సర్వే నాకు బాగా గుర్తుంది. 22 చోట్ల నిలబడ్డాను. క్లిక్ చేయగానే ప్లాన్ మీద పసుపు చుక్క పడుతుంది, పరీక్షలు అయ్యాక ఆకుపచ్చ అవుతుంది. ఒక్కో చోట ముప్పావు నిమిషం దాకా పడుతుంది. అయ్యాక శబ్దం వచ్చేలా పెట్టుకునే ఆప్షన్ ఉంది, అది తప్పకుండా వాడండి. లేకపోతే తెరనే చూస్తూ నిలబడాలి, మధ్యలో కదిలితే కొలత పాడవుతుంది. పోయినసారి ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు కాబట్టి ఒకేసారి అన్నీ ముగించాలన్న తొందర అక్కర్లేదు.

బొమ్మలు వచ్చాక సిగ్నల్‌దీ డౌన్‌లోడ్‌దీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. సిగ్నల్ బొమ్మలో నాన్న గది పచ్చగానే ఉంది. మైనస్ 58 అంటే చాలా మంచి సిగ్నలే. వీడియో కాల్స్‌కు మైనస్ 67 ఉంటే చాలని సాధారణంగా చెబుతారు, మాకు అంతకన్నా 9 డీబీ మెరుగ్గా ఉంది. డౌన్‌లోడ్ బొమ్మలో అదే గది ఎర్రగా ఉంది. సెకనుకు 9 మెగాబిట్లు, జిట్టర్ ఎగిరెగిరి పడుతోంది. నాన్న అడిగిన ప్రశ్న ఆ రెండు బొమ్మల్లో అచ్చంగా కనిపించింది. గీతలు నిండుగా ఉన్నాయి, మాట తెగిపోతోంది. సిగ్నల్ ఒక్కటే చూపించే ఏ ప్రోగ్రాం వాడినా ఆ గదికి ఏ లోపమూ లేదని చెప్పేది. అందుకే ఇన్నేళ్లయినా దీన్ని వదల్లేదు.

కారణం కోసం ఇంకో మెట్టు దిగాలి. లినక్స్‌లో ఐడబ్ల్యూ అనే చిన్న పనిముట్టు ఉంటుంది, అందులో సర్వే డంప్ అనే ఆదేశం ఉంది. అది ఛానెల్ వారీగా రెండు ముఖ్యమైన అంకెలు ఇస్తుంది. రేడియో ఎన్ని మిల్లీసెకన్లు వింది, అందులో ఎన్ని మిల్లీసెకన్లు ఛానెల్ బిజీగా ఉంది. నిమిషం తేడాతో రెండుసార్లు చదివి తీసివేస్తే చాలు. రాత్రి తొమ్మిది గంటలకు నేను తీసిన లెక్కలో 60,000 మిల్లీసెకన్లు విని ఉంటే 43,000 బిజీ. అంటే నూటికి 72 వంతులు. మధ్యాహ్నం అదే ఛానెల్ 30 దాటలేదు. వైఫైలో ఎవరైనా మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ముప్పావు వంతు సమయం ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటే మన సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా వంతు రాదు. నాన్న కాల్స్ సాయంత్రాలే ఎందుకు తెగుతున్నాయో, మధ్యాహ్నం నేను పరీక్షిస్తే అంతా బాగానే ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

ఈ బిజీ అంకెలు అన్ని వైఫై కార్డుల డ్రైవర్లూ ఇవ్వవు. అథెరోస్ చిప్‌లకు వాడే ఏటీహెచ్9కే డ్రైవర్ చక్కగా ఇస్తుంది. రౌటర్ మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) నడుస్తుంటే ఇంకా మంచిది, అదే ఆదేశం రౌటర్‌లోనే ఇచ్చి చూడవచ్చు. దాని వెబ్ పేజీల్లో ఛానెల్ అనాలిసిస్ అనేది కూడా ఉంది, ఫోన్ యాప్ లాంటి గ్రాఫ్‌ను రౌటర్ చెవితో విన్నట్టు చూపిస్తుంది. మనం గదిలో వినేది వేరు, రౌటర్ తన చోట వినేది వేరు. రెండూ చూడాలి.

పరిష్కారం చివరికి చిన్నదే. మా రౌటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టుకుని ఉంది. పై గదిలో 5 గిగాహెర్ట్జ్ మైనస్ 76కి పడిపోవడంతో పరికరాలన్నీ రద్దీగా ఉన్న 2.4కే వెళ్లిపోతున్నాయి. రౌటర్ కింది అంతస్తులో ఇనుప బీరువా వెనక ఉండేది. పొడుగు కేబుల్ వేసి దాన్ని మెట్ల పైకి మార్చాను. 2.4 వెడల్పు 20కి తగ్గించి ఛానెల్ 11లో పెట్టాను. మళ్లీ అవే 22 చోట్ల కొలిచాను. నాన్న గదిలో 5 గిగాహెర్ట్జ్ మైనస్ 61, డౌన్‌లోడ్ 160 మెగాబిట్లు. కొత్త రౌటర్ కొనలేదు.

మధ్యలో ఒక చిక్కు వచ్చింది, అది కూడా చెప్పాలి. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ 100 పూర్తిగా ఖాళీగా కనిపిస్తే సంబరంగా అందులోకి మార్చాను. మూడో రోజు సాయంత్రం 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఉన్నట్టుండి మాయమైంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రౌటర్ అక్కడ మొదలుపెట్టే ముందు కనీసం ఒక నిమిషం విని చూడాలి, రాడార్ సిగ్నల్ అనిపిస్తే వెంటనే ఖాళీ చేయాలి. స్కాన్‌లో అవి ఖాళీగా కనిపించడానికి ఇదీ ఒక కారణమే. మీ చోట రాడార్ బాధ లేకపోతే అవి బంగారం లాంటి ఛానెళ్లు. నేను మాత్రం 36కి వచ్చేశాను.

హీట్‌మ్యాప్ చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మీరు నిలబడిన చుక్కల దగ్గర మాత్రమే అది కొలిచింది. మధ్యలో రంగంతా లెక్కకట్టి పూసింది. గోడకు అటూ ఇటూ ఒక్కో చుక్క లేకపోతే గోడ ఉన్నట్టే దానికి తెలియదు. నేను గదికి కనీసం నాలుగు, గుమ్మాల దగ్గర రెండేసి తీసుకుంటాను. రెండోది, రంగులు ఆ సర్వేలోని కనిష్ఠ గరిష్ఠాలను బట్టి మారతాయి. ఇల్లంతా బాగున్నా అందులో కాస్త తక్కువున్న చోటు ఎర్రగానే కనిపిస్తుంది. ముందు వెనకల రెండు సర్వేలు పోల్చాలంటే రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టే థ్రెషోల్డ్ ఫైల్ సౌకర్యం ఇందులో ఉంది. అది వాడకుండా పోలిస్తే తప్పు దారి పడతాం.

కిస్మెట్ గురించి చాలామంది అడుగుతారు. గొప్ప ప్రోగ్రాం, అందులో సందేహం లేదు. వైఫై కార్డును మానిటర్ మోడ్‌లో (గాలిలో వచ్చేదంతా వినే స్థితిలో) పెట్టి, ఒక్క ప్యాకెట్ కూడా పంపకుండా చుట్టూ జరిగేదంతా వింటుంది, ఫలితాలను బ్రౌజర్‌లో 2501 పోర్టు మీద చూపిస్తుంది. ఏ పరికరం ఏ రౌటర్‌కు కలిసి ఉంది, ఏది ఎక్కువ మాట్లాడుతోంది అన్నీ తెలుస్తాయి. కానీ ఇంటి సర్వేకు ఇది కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. మానిటర్ మోడ్‌లో ఉన్నంతసేపు ఆ కార్డుతో నెట్ రాదు, రెండో అడాప్టర్ కావాలి, దాని డ్రైవర్ సహకరించాలి. నాకు ఒక్కసారే పనికొచ్చింది. ఎక్కడో మూలన పెట్టి మరిచిపోయిన పాత కెమెరా 2.4లో అతి తక్కువ రేటుతో గంటల తరబడి డేటా పంపుతోందని దానివల్లే పట్టుకున్నాను. నెమ్మదిగా మాట్లాడే ఒక్క పరికరం చాలు, ఛానెల్ సమయమంతా అదే మింగేస్తుంది. ఒక మాట గట్టిగా చెప్పాలి: ఇలాంటివి మన సొంత నెట్‌వర్క్ వరకే వాడాలి. పక్కవాళ్ల పరికరాల వివరాలు దాచిపెట్టుకునే హక్కు మనకు లేదు. నేను పని అయిన రోజే ఆ లాగ్ ఫైళ్లు తీసేశాను.

అంత బరువు వద్దనుకుంటే ఇలాగే వినే హార్స్ట్ అనే ప్రోగ్రాం ఉంది. చిన్నది, టెర్మినల్‌లోనే నడుస్తుంది, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ మీద కూడా వేసుకోవచ్చు.

విండోస్‌లో విస్టంబ్లర్ ఓపెన్ సోర్స్. అయితే అది బయట తిరుగుతూ జీపీఎస్‌తో నెట్‌వర్క్‌లు నమోదు చేయడం కోసం తయారైంది, ఇంట్లో దానితో పెద్దగా పని లేదు. విండోస్, మ్యాక్ వాడేవాళ్లు హీట్‌మ్యాప్ కావాలంటే వైఫై హీట్‌మ్యాపర్ అనేది చూడండి. నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తుంది, మన కంప్యూటర్‌లోనే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, లోపల ఐపెర్ఫ్3నే వాడుకుంటుంది. మా అక్క మ్యాక్‌లో దాన్ని వేసి ఒక సాయంత్రం వాళ్లింటి సర్వే చేశాం. పైథాన్‌దాని కన్నా చూడ్డానికి బాగుంది, వేసుకోవడం కూడా తేలిక. దాన్ని నేను ఎక్కువ కాలం వాడలేదు కాబట్టి ఇంతకు మించి తీర్పు చెప్పను.

డబ్బు పెట్టి కొనే వాటిలో ఉండి వీటిలో నాకు లోటుగా అనిపించేది ఒకటుంది. నడుస్తూ ఉంటే దారి పొడుగునా దానంతటదే కొలుచుకుంటూ పోయే పద్ధతి వీటిలో లేదు, చోటు చోటునా ఆగాల్సిందే. ఇల్లు వరకు నాకు అది ఇబ్బంది కాలేదు. పెద్ద ఆఫీసు భవనం కొలవాలంటే మాత్రం వీటితో రోజులు పడుతుంది. ఇంకొకటి, మామూలు వైఫై కార్డుతో వీటిలో ఏదీ వైఫై కాని గోలను ఫలానా అని చూపించలేదు. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అది నడిచినంతసేపు 2.4లో స్పీడ్ పడిపోతుంది, కానీ స్కాన్ జాబితాలో ఏ పేరూ కొత్తగా కనబడదు. దాన్ని నేను పట్టుకున్నది కూడా ఐపెర్ఫ్3 నడుపుతూనే. ఓవెన్ వేసినప్పుడల్లా అంకె సగానికి పడి, ఆపగానే లేచేది.

ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. ఫోన్‌లో వైఫై అనలైజర్ వేసి, థ్రాట్లింగ్ ఆపి, వెడల్పూ ఛానెలూ చూసుకోండి. దానితోనే చాలా ఇళ్లు బాగుపడతాయి. అప్పటికీ తీరకపోతే లాప్‌టాప్‌లో ఐపెర్ఫ్3 ఒక్కదాన్నే నడిపి, బాధపెడుతున్న గదిలో, బాధపెడుతున్న సమయంలో కొలవండి. హీట్‌మ్యాప్ ఆ తర్వాత. మధ్యాహ్నం తీరిగ్గా తీసిన సర్వే రాత్రి తొమ్మిదింటి సంగతి చెప్పదు.

నా దగ్గర ఇప్పుడు తొమ్మిది సర్వేల జేసన్ ఫైళ్లు తేదీల వారీగా ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. మొదటిది తీసినప్పుడున్న లాప్‌టాప్ పోయింది, డిస్ట్రో మారింది, అయినా ఆ ఫైలు నిన్న కూడా తెరిచాను. నాన్న గది దగ్గర 9 అనే అంకె అలాగే ఉంది. వచ్చే నెల మెట్ల పక్కన కొత్తగా ఒక గోడ లేస్తోంది. అది పూర్తయ్యాక పదోది తీయాలి.